మీరడిగారు: వేలాడే వంతెన ఊగితే భయపడాలా?

పోయిన సంచికలో సెలవుల్లో చూడదగ్గ చోట్లు అని రాస్తూ వేలాడే వంతెనల గురించి రెండు ముక్కలు రాశాం, అంతే, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వాటి మీదే. ఎక్కినవాళ్ళు, ఎక్కనివాళ్ళు, మధ్యదాకా వెళ్ళి కళ్ళు మూసుకుని వెనక్కొచ్చినవాళ్ళు, అందరూ రాశారు. ఒకేలా ఉన్నవాటిని కలిపేసి, అందరికీ పనికొచ్చేవి తీసుకున్నా. కొన్నిటికి పెద్ద జవాబు, కొన్నిటికి ఒక్క ముక్క, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: పిల్లలిద్దర్నీ తీసుకుని వేలాడే వంతెన ఎక్కాం. అడుగేస్తే కింద మెత్తగా దిగుతోంది, పక్కకి కూడా ఊగుతోంది. పిల్లలు నవ్వుకుంటున్నారు గానీ నేను మాత్రం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిచా. అసలు ఇలా ఊగొచ్చా?

జవాబు: ఊగొచ్చండీ, అది దాని పుట్టుక లక్షణం. రోడ్డు బ్రిడ్జికి కాంక్రీటు, స్టీలు కలిపి సొంత బరువే బోలెడంత ఉంటుంది, దాని ముందు మన కారు బరువు ఓ లెక్కలోది కాదు, అందుకే కదిలినా మనకి తెలీదు. మనుషులు నడవడానికి కట్టే వేలాడే వంతెనలో ఏముంది చెప్పండి, రెండు మెయిన్ కేబుళ్ళు, వాటి నుంచి దిగే సన్న కడ్డీలు, కింద పల్చటి పలకలు, జనం బాగా ఎక్కితే జనం బరువే వంతెన బరువుని మించిపోవచ్చు కూడా. పైగా కేబుల్‌కి తనదంటూ ఒక షేపు ఉండదు, బరువు ఎక్కడుంటే దానికి తగ్గట్టు ఒంగుతుంది. పెరట్లో దండెం చూడండి, తడి దుప్పటి ఒక పక్కకి వేస్తే అక్కడ కిందికి దిగి అవతల పక్క కాస్త పైకి లేస్తుంది, దుప్పటిని జరిపితే ఆ ఒంపు కూడా దాంతోపాటే జరుగుతుంది. మీరు వంతెన మీద నడుస్తున్నప్పుడు జరిగేది సరిగ్గా అదే. అందుకే చాలా వంతెనల్లో నట్టనడుమ కంటే పావు దూరం దగ్గరే కదలిక ఎక్కువ తెలుస్తుంది. మొదట్లోనే ఇంత ఊగుతోందే, మధ్యకి వెళ్తే ఇంకేమవుతుందో అని వెనక్కి తిరిగేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇంకో అపోహ కూడా ఉంది, కేబుల్ ఎంత బిగుతుగా లాగి కడితే అంత గట్టి అని. లెక్క దానికి రివర్స్‌లో ఉంటుంది. టవర్ల మధ్య దూరంలో పదో వంతు లోతుకి కేబుల్ మధ్యలో దిగి ఉందనుకోండి, వంతెన, జనం కలిపి ఎంత బరువో దానికి ఒకటింబావు రెట్లు బలంతో గట్టుని అడ్డంగా లాగుతూ ఉంటుంది. అదే ఇరవయ్యో వంతే దిగి ఉంటే రెండున్నర రెట్లు. ఒంపు తక్కువైన కొద్దీ లాగుడు ఎక్కువ. చూడ్డానికి సోమరిగా కిందికి జారినట్టున్న వంతెన నిజానికి సుఖంగా ఉన్న వంతెన.

మరి ఆ లాగుడంతా ఎక్కడికి పోతుందంటే, మీ బరువు పలక నుంచి కడ్డీకి, కడ్డీ నుంచి కేబుల్‌కి, కేబుల్ టవర్ మీదుగా దాటి గట్టున పాతిన పెద్ద కాంక్రీటు దిమ్మెలోకి. దాన్నే యాంకర్ అంటారు. వంతెన ప్రాణం అక్కడుంటుంది. మనం మాత్రం మధ్యలో నిలబడి కిందున్న నీళ్ళకేసి చూసి భయపడతాం, టికెట్ గది వెనకాల పిచ్చిమొక్కల్లో ఉన్న ఆ దిమ్మె వంక ఒక్కరూ చూడరు. కింద వేరే ప్రశ్నల్లో మళ్ళీ అక్కడికే వస్తా.

ప్రశ్న: సైనికులు వంతెన మీద కవాతు చెయ్యకూడదని, చేస్తే కూలిపోతుందని స్కూల్లో ఫిజిక్స్ సార్ చెప్పారు. నిజంగా ఎక్కడైనా జరిగిందా, లేక పాఠం కోసం చెప్పే కథేనా?

జవాబు: జరిగింది. 1831 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పక్కన ఇర్వెల్ నది మీద బ్రోటన్ వేలాడే వంతెన ఉండేది, 74 మంది సైనికులు నాలుగేసి మంది వరసలో అడుగు కలిపి నడుస్తుంటే వంతెన ఊగడం మొదలైంది, వాళ్ళకి అది సరదా అనిపించి ఇంకాస్త గట్టిగా అడుగులేశారు. ఒక చివర కూలింది. సుమారు 40 మంది నీళ్ళల్లో పడ్డారు, అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు. ఆ తర్వాతే బ్రిటిష్ సైన్యంలో వంతెన రాగానే అడుగు విడగొట్టి నడవాలన్న ఆర్డరు వచ్చింది. లండన్‌లో ఆల్బర్ట్ బ్రిడ్జి దగ్గర ఆ బోర్డు ఇప్పటికీ ఉంది.

మీ సార్ చెప్పింది ఇక్కడిదాకానే అయ్యుంటుంది. మిగతా సగం ఏంటంటే, విచారణలో తేలింది యాంకర్ దగ్గర గొలుసుని పట్టుకునే బోల్టు ఒకటి విరిగిందని, ఆ బోల్టు తయారీలోనే లోపం ఉందని. అడుగులు దాన్ని ముందే బయటపెట్టాయి, అంతే.

ఇంకో ఘోరం 1850 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో ఆంజే ఊళ్ళో. తుఫాను గాలి, వంతెన మీద ఒక బెటాలియన్ సైనికులు, అడుగు కలపొద్దని ముందే చెప్పారు, వాళ్ళు కలపలేదు కూడా. కానీ గాలికి వంతెన ఊగుతుంటే పడిపోకుండా నిలదొక్కుకోడానికి అందరూ ఒకేసారి ఒకే పక్కకి కాళ్ళేశారు. కూలిపోయి 200 మందికి పైగా చనిపోయారు. తర్వాత తవ్వి చూస్తే యాంకర్ లోపల, తుప్పు పట్టకూడదని సున్నం సిమెంటుతో కప్పేసిన తీగలే తుప్పు పట్టి తినేసి ఉన్నాయి. కప్పేశారు కాబట్టి కట్టిన పదేళ్ళ పైచిలుకులో ఎవరికీ కనిపించలేదు. ఈ సంఘటన తర్వాత ఫ్రాన్స్‌లో చాలా ఏళ్ళపాటు వేలాడే వంతెనలు కట్టడమే దాదాపు మానుకున్నారు. అడుగుల కథ అందరికీ గుర్తుంది గానీ తుప్పు కథ ఎవరికీ గుర్తులేదు, నా బాధ అదే.

ప్రశ్న: మేం ఎక్కినప్పుడు మొదట బానే ఉంది. జనం పెరిగాక ఉన్నట్టుండి అందరం ఒకేసారి ఎడమకి, కుడికి తూలడం మొదలెట్టాం. ఎవరూ కావాలని చెయ్యలేదు, నేను గమనించా. ఇదెలా?

జవాబు: మీరు గమనించింది ఇంజనీర్లకే 2000 సంవత్సరం దాకా సరిగ్గా అంతుబట్టని విషయం. లండన్‌లో థేమ్స్ నది మీద మిలీనియం బ్రిడ్జి అని నడిచేవాళ్ళ కోసమే కట్టిన వంతెన ఉంది, చాలా తక్కువ ఒంపుతో, కేబుళ్ళు దాదాపు పక్కకి పరుచుకున్నట్టు ఉంటాయి, చూడ్డానికి అందంగా ఉంటుంది. 2000 జూన్ 10న తెరిచారు. మొదటిరోజే సుమారు 90 వేల మంది వచ్చారు, ఒక్కోసారి రెండు వేల మంది దాకా ఒకేసారి మీదున్నారు. వంతెన పక్కకి ఊగడం మొదలెట్టింది, జనం రైలింగ్ పట్టుకుని తూలుకుంటూ నడిచారు, రెండ్రోజులకే మూసేశారు. మళ్ళీ తెరిచింది 2002 ఫిబ్రవరిలో.

కారణం ఏంటంటే, మనిషి మామూలుగా సెకనుకి రెండడుగులు వేస్తాడు, ఒకటి ఎడమ, ఒకటి కుడి. అంటే శరీరం పక్కకి తోసే తోపుడు సెకనుకి ఒక చుట్టు. వంతెన సొంతంగా పక్కకి ఊగే వేగం కూడా దాని చుట్టుపక్కలే ఉంటే గొడవ మొదలవుతుంది. మొదట ఏదో కొంచెం కదుల్తుంది, కదిలిన నేల మీద మనిషి బ్యాలెన్స్ కోసం కాస్త కాళ్ళు ఎడంగా వేసి ఆ ఊపుకి తగ్గట్టు అడుగేస్తాడు, దాంతో ఊపు పెరుగుతుంది, ఊపు పెరిగేసరికి పక్కవాళ్ళు కూడా అదే లయకి వస్తారు, ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ వంతెన మీద మనుషుల్ని కొద్దికొద్దిగా పెంచుతూ టెస్టు చేస్తే సుమారు 160 మంది దాకా ఏమీ కాలేదు, ఇంకో కొద్దిమంది ఎక్కేసరికి ఉన్నట్టుండి ఊగడం మొదలైంది. మెల్లమెల్లగా పెరగడం ఉండదు, ఒక సంఖ్య దాటితే ఒక్కసారిగా వస్తుంది. మీరు రాసిన "ఉన్నట్టుండి" అన్న మాట చదివి అందుకే నవ్వొచ్చింది.

దాదాపు 90 డ్యాంపర్లు బిగించి దాన్ని సరిచేశారు, ఊపుని మింగేసే పరికరాలు అవి. అప్పట్నుంచి మామూలుగానే ఉంది. ఇంకో మాట, అంత ఊగినా ఆ వంతెనలో ఏదీ విరగలేదు, ఎవరూ పడలేదు. ఊగితే జనం కంగారుపడి తోసుకుంటారు, ప్రమాదం ఆ తోపులాటది. మీకు మళ్ళీ అలా ఐతే పరుగెత్తకండి, ఉన్నచోటే ఆగి రైలింగ్ పట్టుకోండి, పక్కవాళ్ళని కూడా ఆగమనండి. నడక ఆగితే ఊపుకి తిండి ఉండదు, కాసేపట్లో అదే సద్దుమణుగుతుంది.

ప్రశ్న: బోర్డు మీద ఒకేసారి ఇంతమందే ఎక్కాలి అని రాస్తారు, దానికి నాలుగింతలు ఎక్కుతారు. ఆ సంఖ్య ఎలా వేస్తారు? మోర్బీలో జనం ఎక్కువై కూలిందా?

జవాబు: మొదటిది ముందు. మన దేశంలో వంతెనల బరువులకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కోడ్ ఉంది. నడకదారి మీద చదరపు మీటరుకి 400 కిలోలు అని లెక్కేసుకోవాలి, యాత్రా స్థలాలు, జాతరలు జరిగే ఊళ్ళ దగ్గరైతే 500 కిలోలు. 400 అంటే చదరపు మీటరులో ఐదారుగురు పెద్దవాళ్ళు, అంటే పండగ రోజు క్యూలో ఒకళ్ళనొకళ్ళు తోసుకునేంత. కొత్తగా, పద్ధతిగా కట్టిన వంతెన ఐతే నిండా జనం ఎక్కినా బరువుకి తట్టుకోవాలి. అలాంటప్పుడు కూడా బోర్డు మీద తక్కువ సంఖ్య ఎందుకు రాస్తారంటే, ఊపు తగ్గడానికి, తోపులాట లేకుండా, ఏదైనా ఐతే అందర్నీ త్వరగా దింపడానికి. పాత వంతెనలకైతే ఆ సంఖ్య మామూలు సలహా కాదు, ప్రాణాల లెక్క, ఎందుకంటే అవి ఈ కోడ్‌లు రాకముందు కట్టినవి.

ఇక మోర్బీ. గుజరాత్‌లో మచ్ఛు నది మీద, రాజుల కాలంలో, పంతొమ్మిదో శతాబ్దంలో కట్టిన వంతెన. పొడవు సుమారు 230 మీటర్లు, వెడల్పు మీటరుంబావు. రిపేర్ల కోసం నెలలపాటు మూసి, 2022 అక్టోబర్ 26న తెరిచారు, 30న సాయంత్రం తెగిపడింది. 135 మంది చనిపోయారు, పిల్లలే ఎంతోమంది. అప్పుడు దాని మీద సుమారు 300 మంది ఉన్నారని విచారణలో చెప్పారు. ఎవరో కుర్రాళ్ళు ఊపారు, అందుకే కూలింది అని వీడియోలు తిప్పారు గుర్తుందా, నాకు అది చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఒక్కసారి లెక్కేసి చూడండి, 230 మీటర్ల పొడవు, మీటరుంబావు వెడల్పు, 300 మంది, అంటే చదరపు మీటరుకి సగటున ఒక్క మనిషి! గుంపులుగా ఉంటారు, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ, అది ఒప్పుకుంటా, ఐనా సరే. మామూలుగా ఆరోగ్యంగా ఉన్న కేబుల్‌ని తెంపే బరువా అది?

ప్రత్యేక దర్యాప్తు బృందం తేల్చింది ఏంటంటే, ఒక మెయిన్ కేబుల్‌లో 49 తీగలుంటే వాటిలో 22 ముందే తుప్పు పట్టి ఉన్నాయి, కూలకముందే తెగి ఉండొచ్చని కూడా రాశారు. రిపేరులో కొత్త కేబుల్ వెయ్యలేదు. నడిచే చోట ఉన్న చెక్క పలకలు తీసేసి అల్యూమినియం ప్యానెళ్ళు వేశారు, దాంతో సొంత బరువు పెరిగింది. నిలువు కడ్డీలు పాతవాటికే కొత్తవి వెల్డింగ్ చేశారు. తెరిచేముందు బరువు పెట్టి టెస్టు చెయ్యలేదు. అంటే పైకి కనిపించేదంతా కొత్తగా మెరిసింది, మోసేది మాత్రం పాతదే. జనాన్ని లెక్కపెట్టి పంపకపోవడం కూడా తప్పే, కాదనను, కానీ మొదటి తప్పు అది కాదు.

ప్రశ్న: మా తమ్ముడు, వాడి ఫ్రెండ్స్ వంతెన మధ్యలోకి వెళ్ళి కావాలని ఎగిరి ఊపుతారు. ఎంత చెప్పినా వినరు. మీరైనా చెప్పండి.

జవాబు: బాబూ, మీ సరదాకి పక్కనున్న ముసలావిడ రైలింగ్ మీద పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే ఆ ఖర్చు నువ్వు పెడతావా? ఇంజనీరింగ్ సంగతి తర్వాత. అందరూ ఒకేసారి ఎగిరితే పడే బరువు నిలబడ్డ బరువుకి రెండు మూడు రెట్లు కూడా ఉంటుంది, అది నిలువు కడ్డీల చివర్లలో ఉండే బోల్టుల్ని రోజూ కొంచెం కొంచెం వదులు చేస్తుంది. ఈ రోజు ఏమీ కాదు. వచ్చే ఏడాది ఎవరో ఎక్కినప్పుడు అవుతుంది.

ప్రశ్న: హైదరాబాద్ దుర్గం చెరువు మీదున్నది, కరీంనగర్ మానేరు మీదున్నది, లక్నవరం చెరువులో ఉన్నది, అన్నిటినీ కేబుల్ బ్రిడ్జి అనే అంటున్నారు. మూడూ ఒకటేనా?

జవాబు: కాదు. మొదటి రెండూ వాహనాలు పోయేవి, వాటిలో టవర్ నుంచి తీగలు ఏటవాలుగా సూటిగా వచ్చి రోడ్డునే పట్టుకుంటాయి. లక్నవరంలో ఉన్నది అసలు సిసలు వేలాడేది, ఒంపు తిరిగిన మెయిన్ కేబుల్, దాని నుంచి నిలువుగా దిగే కడ్డీలు, గట్టున యాంకర్లు. గుర్తుపట్టడం తేలిక, తీగలన్నీ తిన్నగా గీత గీసినట్టుంటే మొదటి రకం, పైన ఒక తీగ విల్లులా ఒంగి ఉంటే రెండో రకం. మనిషి అడుగుకి ఊగేది రెండోదే. చుట్టూ అడవి, కాకతీయుల కాలం నాటి చెరువు, మధ్యలో దీవి, దాంట్లోకి నడిచి వెళ్ళే దారి ఊగుతూ ఉంటే ఆ మజా వేరు. సెలవు రోజుల్లో కాకుండా మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి.

ప్రశ్న: నేనొక అమ్మాయిని ఇష్టపడుతున్నా. మేమందరం ఫ్రెండ్స్ కలిసి వేలాడే వంతెనకి వెళ్తున్నాం. అక్కడ చెప్తే బావుంటుందా?

జవాబు: ఈ కాలమ్‌కి ఇలాంటి ప్రశ్న వస్తుందని అస్సలు అనుకోలేదు, కానీ దీనికి సైన్సులో జవాబుంది! కెనడాలో వాంకూవర్ దగ్గర కాపిలానో అని వేలాడే వంతెన ఉంది, సుమారు 140 మీటర్ల పొడవు, కింద 70 మీటర్ల లోతు లోయ. 1974లో డటన్, ఆరన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు. వంతెన మీద ఒంటరిగా వస్తున్న మగవాళ్ళని ఒక అమ్మాయి ఆపి చిన్న సర్వే ఏదో చేయించి, వివరాలు కావాలంటే తర్వాత ఫోన్ చెయ్యండి అని నంబరు ఇచ్చేది. అదే పని నదికి కాస్త ఎగువన ఉన్న తక్కువ ఎత్తు, కదలని చెక్క వంతెన మీద కూడా చేశారు. ఊగే వంతెన మీద నంబరు తీసుకున్నవాళ్ళలో సగం మంది ఫోన్ చేశారు, కదలని వంతెన మీదవాళ్ళలో ఎనిమిదిలో ఒక్కరే. భయంతో గుండె దడదడలాడుతుంటే అది ఆ అమ్మాయి వల్లే అనుకున్నారన్నమాట పాపం.

ఐతే ప్రయోగం చిన్నది, మనుషులు కొద్దిమందే, దాని మీద తర్వాత చర్చలు కూడా చాలానే జరిగాయి. ఇంకోటి కూడా చూడండి, అక్కడ దడ పుట్టింది మగవాళ్ళకి. మీ కేసులో దడ మీకు ఎలాగూ ఉంది, ఆమెకి రావాలి కదా. నా సలహా అడిగితే వద్దు. ఆమె నిజంగా భయపడుతూ ఉంటే కాదని చెప్పి వెళ్ళిపోవడానికి కూడా దారుండదు, ముందూ వెనకా జనం, మధ్యలో మీరు. గట్టు మీదకి వచ్చాక, ఫ్రెండ్స్ లేనప్పుడు, మామూలుగా చెప్పండి.

ప్రశ్న: మా అమ్మకి ఎత్తులంటే భయం, కానీ అందరూ వెళ్తుంటే తనూ వస్తానంటోంది. ఏం జాగ్రత్తలు?

జవాబు: ముందు ఆ భయం ఎందుకొస్తుందో తెలిస్తే సగం తగ్గుతుంది. మనం నిలబడ్డప్పుడు ఎప్పుడూ కొంచెం కొంచెం అటూ ఇటూ ఊగుతూనే ఉంటాం, దగ్గర్లో ఉన్న గోడనో చెట్టునో చూసి కళ్ళు దాన్ని సరిచేస్తుంటాయి. ఎత్తు మీద దగ్గర్లో ఏమీ ఉండదు, కళ్ళకి ఆధారం దొరకదు, పైగా వంతెనే ఊగుతోంది, కళ్ళు ఒకటి చెప్తే చెవి లోపలి బ్యాలెన్స్ ఇంకోటి చెప్తుంది. అందుకని అమ్మగారిని కిందికి చూడొద్దు అంటే సరిపోదు, ఎక్కడ చూడాలో చెప్పాలి. అవతలి టవర్ వంక చూస్తూ నడవమనండి, అది కదలదు. ఒక చెయ్యి రైలింగ్ మీద ఉంచాలి, గట్టిగా బిగించి పట్టుకుంటే ఊపంతా భుజంలోకి ఎక్కుతుంది కాబట్టి ఊరికే ఆనించి ఉంచాలి. మీరు ఆమెకి రెండడుగులు ముందు నడవండి, పక్కన నడిచి అడుగు కలపొద్దు. పొద్దున జనం లేనప్పుడు వెళ్ళండి. పిల్లల్ని వెనకాల గంతులెయ్యనివ్వకండి. ఫోటోల కోసం మధ్యలో ఆపకండి, తిరిగొచ్చేప్పుడు ఆమే ఆగుతుంది చూడండి. సగంలో వెనక్కి వస్తానంటే తీసుకొచ్చెయ్యండి, ఇంతదూరం వచ్చి అని దెప్పకండి. గుండె జబ్బు, కళ్ళు తిరగడం లాంటివి ఉంటే డాక్టర్ని అడిగాకే.



ప్రశ్న: గాజు వంతెనలు పగిలిపోవా?

జవాబు: చైనాలో జాంగ్‌జియాజే లోయ మీద 430 మీటర్ల గాజు వంతెన 2016 ఆగస్టులో తెరిచారు, కింద 300 మీటర్ల లోతు. తెరిచేముందు జనానికి నమ్మకం కలగాలని సుత్తులతో కొట్టించారు, కారు కూడా నడిపారు. గాజు పొరలు పొరలుగా అతికించి ఉంటుంది, పై పొర పగిలినా కింద పొరలు ఆపుతాయి. గాజుకి ఏమీ కాలేదు గానీ పదమూడు రోజులకే మూసెయ్యాల్సొచ్చింది, రోజుకి 8 వేల మందికి అని ప్లాన్ చేస్తే దానికి పదింతలు వస్తామన్నారట! మళ్ళీ జనమే చూశారా.

ప్రశ్న: ప్రేమికులు వంతెన రైలింగుకి తాళాలు వేసి తాళంచెవి నీళ్ళలో పారేస్తున్నారు. ముచ్చటగానే ఉంది కదా, ఎందుకు పీకేస్తారు?

జవాబు: ఒక్క తాళం ముచ్చటే. పారిస్‌లో పాన్ దెజార్ అనే నడక వంతెన మీద అలా వేస్తూ పోతే 2014లో ఆ బరువుకి రైలింగ్ ముక్క ఊడిపడింది, మరుసటి ఏడాది మొత్తం తీసేస్తే సుమారు 45 టన్నులు తేలాయి. అది వేలాడేది కూడా కాదు, గట్టి స్టీలు వంతెన. వేలాడేదానికి వేస్తే బరువుతోపాటు తాళం రాసుకున్నచోట జింకు పూత లేచిపోయి తుప్పు మొదలవుతుంది. వెయ్యకండి.

ప్రశ్న: మా ఊరి చెరువు మీద టూరిస్టుల కోసం వేలాడే వంతెన కట్టాలని నాయకులు అంటున్నారు, రాష్ట్రంలోనే పొడవైనది అంటున్నారు. మీ అభిప్రాయం? మేం ఏం అడగాలి?

జవాబు: కట్టమనండి, నేను వద్దనను. ఊరికి ఒక గుర్తు వస్తుంది, సాయంత్రాలు నడవడానికి ఒక చోటు దొరుకుతుంది, డబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే పలక మీద నిలబడి గాలి పీల్చే చోట్లు మనకి చాలా తక్కువ. రిషికేశ్‌లో లక్ష్మణ్ ఝూలా చూడండి, 1924 వరదకి పాతది కొట్టుకుపోతే కొత్తది కట్టి 1930లో తెరిచారు, ఆ ఊరంటే ఆ వంతెనే అనేంతగా ఐపోయింది. కానీ దాని ఆయుష్షు కూడా ఐపోయి 2019 జూలైలో సేఫ్ కాదని ఆపేశారు. ఎంత పేరున్నా కేబుల్‌కి వయసొస్తుంది.

పొడవు గొడవ మాత్రం వదిలేయమనండి. స్విట్జర్లాండ్‌లో 2017లో 494 మీటర్లది కట్టి రికార్డన్నారు, 2021లో పోర్చుగల్‌లో అరౌకా ఊళ్ళో 516 మీటర్లది వచ్చింది, మరుసటి ఏడాదే చెక్ దేశంలో 721 మీటర్లది. రికార్డు ఎన్నాళ్ళుంటుంది? మెయింటెనెన్స్ బిల్లు మాత్రం వంతెన ఉన్నన్నాళ్ళూ ఉంటుంది.

నాకు నచ్చిన వంతెన పొడవు సుమారు 30 మీటర్లే. పెరూలో అపూరిమాక్ నది మీద కెస్వాచాకా అని, మొత్తం గడ్డి తాళ్ళతో అల్లిందే, ఒకప్పుడు అక్కడ ఏలిన ఇంకాల కాలం నుంచి వస్తున్న పద్ధతి. ప్రతి ఏడాది జూన్‌లో నాలుగు ఊళ్ళవాళ్ళు కలిసి పాతదాన్ని తెంపి నదిలో వదిలేసి కొత్తది అల్లుతారు, 2013లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. 2020లో కరోనా వల్ల అల్లలేదు, 2021 మార్చిలో అది కూలిపోయింది, జూన్‌లో మళ్ళీ అల్లుకున్నారు. వాళ్ళకి లెక్క స్పష్టంగా తెలుసు, ఇది ఏడాది వంతెన అని. మనవాళ్ళు స్టీలు వేశాం కదా అని ఎప్పటికీ ఉంటుందనుకుంటారు.

మీటింగులో అడగాల్సినవి ఇవి. యాంకర్ దగ్గర కేబుల్ కాంక్రీటులోకి దూరే చోటుకి మనిషి వెళ్ళి చూడ్డానికి దారి పెడుతున్నారా, లేక మట్టి కప్పేస్తారా? అక్కడ వాన నీళ్ళు నిలవకుండా కాలువ ఉందా? ఏడాదికి ఎన్నిసార్లు, ఎవరు చెక్ చేస్తారు, ఆ రిపోర్టు ఊళ్ళో ఎవరైనా చూడొచ్చా? గేటు దగ్గర ఎక్కినవాళ్ళనీ దిగినవాళ్ళనీ లెక్కపెట్టే మనిషి ఉంటాడా, వాడికి ఆపే అధికారం ఇస్తారా, లేక టికెట్లు ఎక్కువ అమ్మినందుకు మెచ్చుకుంటారా? ప్రారంభోత్సవానికి పెట్టే ఖర్చు పక్కన పదేళ్ళ మెయింటెనెన్స్ ఖర్చు కూడా కాగితం మీద రాసి చూపించమనండి. దీనికి జవాబు చెప్పడానికి తడబడితే వంతెన ఇంకా రెడీ కాలేదని అర్థం, ఎంత రంగులేసినా.

ప్రశ్న: మామూలు జనం చూసి కనిపెట్టగలిగేవి ఏమైనా ఉన్నాయా?

జవాబు: కొన్ని ఉన్నాయి. వరసగా ఉన్న నిలువు కడ్డీలు చేత్తో తట్టి చూడండి, అన్నీ బిగుతుగా ఉండి ఒకటి మాత్రం వదులుగా గలగలమంటే అది బరువు మొయ్యట్లేదు, దాని వాటా పక్కవాటి మీద పడుతోంది. కేబుల్‌ని పట్టి ఉంచే క్లాంపుల్లో నట్లు లేకపోవడం, కేబుల్ కాంక్రీటులోకి వెళ్ళే చోట ఎర్రటి చారలు కారి ఉండటం, పలకలు విరిగి పైన రేకు ముక్క కొట్టి ఉండటం, ఇవి కూడా. తాజా పెయింటు చూసి మాత్రం ఏమీ తేల్చుకోకండి. ఏదైనా కనిపిస్తే ఫోటో తీసి గేటు దగ్గర చెప్పండి, పట్టించుకోకపోతే పంచాయతీకో మున్సిపాలిటీకో రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.

ప్రశ్న: సైకిల్ మీద వెళ్ళొచ్చా? వాన పడుతుంటే?

జవాబు: సైకిల్ దిగి నడిపించుకుని వెళ్ళండి, ఎదురొచ్చేవాళ్ళకి హ్యాండిల్ తగుల్తుంది. చినుకులైతే పర్లేదు, పలకలు జారతాయి కాబట్టి చెప్పులు చూస్కోండి. ఉరుములు, ఈదురుగాలి ఐతే గట్టు మీదే ఆగిపోండి, గేటువాళ్ళు పర్లేదు వెళ్ళండి అన్నా సరే.